అద్దానికి బయటి వైపు

కిందటి వారం మనం వాళ్ళని పిల్లల ఆసుపత్రిలో, గాజు వంతెన కింద వదిలిపెట్టి వచ్చాం. రెండు భవనాలని కలుపుతూ మూడో అంతస్తు ఎత్తున కట్టిన నడవా అది. రెండు పక్కలా నిలువెత్తు అద్దాలు. వాటిలో ఆకాశమూ, ఎదురుగా ఉన్న చెట్లూ ఉన్నవి ఉన్నట్టే కనబడటంతో పిట్టలు అదే దారి అనుకుని వచ్చి కొట్టుకుని చచ్చిపోతున్నాయి. పక్షికి అడ్డు తెలిసేలా ఆ అద్దాలకి తెల్లచుక్కల ఫిల్ము వేసే పని చిన్నకోడలు సంపాదించింది. అద్దాలకి ఫిల్ములు అంటించే అత్తింటివాళ్ళ షాపు తరఫున దగ్గరుండి వేయించింది. వేసిన కొద్ది రోజులకే హెడ్ నర్సు కబురు పంపి, చెప్పుల అట్టపెట్టె మూత తీసి చూపించింది. లోపల దూది మీద పసుపు పొట్ట పిట్ట ఒకటి, మెడ వాల్చేసి. "మీ చుక్కలున్నా పడుతూనే ఉన్నాయమ్మా" అంది. చిన్నకోడలి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ మొహం చూసి, పక్కనే నిలబడ్డ పెద్దకోడలికి కడుపులో చల్లగా అనిపించింది.

ఆ చల్లదనం తెల్లారేదాకా కూడా నిలవలేదు.

వాళ్ళ షాపు కింద, ఇల్లు పైన. మర్నాడు పొద్దున్నే మామగారు షట్టరు సగం ఎత్తి ఉంచి, ఆడవాళ్ళు ముగ్గురినీ కిందికి పిలిచారు. కొడుకులిద్దరూ వ్యాను తీసుకుని దూరం పనికి వెళ్ళిపోయారు. ఫిల్ము కోసే పొడవాటి బల్లకి అటు చిన్నకోడలు, ఇటు పెద్దకోడలు. కౌంటరు వెనక తిరిగే కుర్చీలో అత్తగారు. షాపుకి వచ్చే ఫోన్లన్నీ ఎత్తేది ఆవిడే. మతిమరుపు కాస్త ఎక్కువైనా, ఆ కుర్చీలో ఆవిడ లేకపోతే షాపు తెరిచినట్టే ఉండదు.

"ఈ షాపు పెట్టాక, వేసిన ఫిల్ము పీకెయ్యమన్నవాళ్ళు లేరు" అన్నారు మామగారు. చేతులు వణకడం మొదలయ్యాక ఆయన పని మానుకున్నారు గానీ, గొంతు మాత్రం ఎప్పటిదే. "ఆ నర్సమ్మ నిన్న మంచిగానే చెప్పింది. రేపటికల్లా సరిచెయ్యకపోతే అద్దాలన్నిటికీ గోధుమరంగు కాగితం అతికించేస్తారట. రోగం వచ్చిన పిల్లలకి బయటి లోకం కనపడేది ఆ వంతెన మీదేనట. అదీ మూసేస్తారు. ఎక్కడ తప్పు జరిగింది?"

"తప్పు నాదే మామయ్యా" అంది చిన్నకోడలు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "పొద్దున్నే మనకి ఫిల్ము రోల్స్ అమ్మే ఏజెంటుకి ఫోన్ చేశాను. లోపలి వైపు అంటించామని చెప్తే ఆయన తల పట్టుకున్నాడు. ఎండకి వేసే ఫిల్ములా కాదట ఇది. అద్దానికి బయటి వైపే వెయ్యాలట. బయట ఆకాశం మెరుస్తుంటే లోపలున్న చుక్కలు పిట్టకి కనపడవట."

"ఆ ముక్క వాడు అమ్మేటప్పుడు చెప్పాలి కదా?"

"చెప్పానంటున్నాడు. రోల్స్ పంపిన రోజు మధ్యాహ్నమే షాపుకి ఫోన్ చేశాడట. ఎవరో ఆడవాళ్ళు ఎత్తారట. చిన్నమ్మగారికి చెప్తానన్నారట." చిన్నకోడలు ఎవరి వంకా చూడకుండా బల్ల వంకే చూస్తూ అంది. "నాకెవరూ చెప్పలేదు."



పాఠకులకి దాచడం దేనికి? ఆ ఫోన్ ఎత్తింది పెద్దకోడలు.

మొదట్లో దాచాలనేమీ అనుకోలేదు ఆవిడ. సాయంత్రం తోడికోడలు రాగానే చెబుదామనే అనుకుంది. బయటి వైపు, బయటి వైపు అని రెండుసార్లు పైకి అనుకుంది కూడా, మరిచిపోకుండా. కానీ ఆ సాయంత్రం ఏం జరిగిందో తెలిస్తే గాని ఆవిడ ఎందుకు చెప్పలేదో అర్థం కాదు.

పెద్దకోడలు ఈ ఇంటికి వచ్చి పదేళ్ళు దాటింది. సబ్బునీళ్ళు చల్లడం, ఫిల్ము వెనకకాగితం వొలవడం, రబ్బరు పట్టీతో నీరంతా ఒక్క లాగుడులో బయటికి నెట్టెయ్యడం, అన్నీ మామగారి పక్కన నిలబడి నేర్చుకుంది. ఆవిడ వేసిన అద్దం మీద గాలిబుడగ వెతికితే వెతికినవాడి కళ్ళే నొప్పి పుట్టాలి. అలాంటి అద్దం చూసి మామగారు ఇన్నేళ్ళలో అన్న మాట "ఊఁ". అంతకు మించి ఒక్క అక్షరం లేదు. ఆ ఊఁ కోసమే ఆవిడ ఎండలో నిచ్చెనలెక్కింది.

నిరుడు చిన్నకోడలు వచ్చింది. పని తెలియదు. బుడగలు, ముడతలు, ఓసారి ఫిల్ము తన జుట్టుకే అంటించుకుంది. కానీ మాటలు! గేటు దగ్గర కాపలావాడి నుంచి ఆసుపత్రి నర్సు దాకా ఎవరితోనైనా నిమిషంలో చుట్టరికం కలిపేస్తుంది. మామగారిని నవ్విస్తుంది. ఆయన నవ్వితే పైపన్ను ఒకటి లేదని పెద్దకోడలికి నిరుడే తెలిసింది. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా!

ఫోన్ వచ్చిన ఆ సాయంత్రం మామగారు బీరువా తెరిచి, ఫిల్ము కోసే ఇత్తడిపిడి కత్తి బయటికి తీశారు. ఆయన పని మొదలుపెట్టిన నాటిది. ఇన్నేళ్ళుగా దానికి నూనె రాసి, మెత్తటి గుడ్డలో చుట్టి దాచింది పెద్దకోడలు. తనంతట తను ఏనాడూ దాంతో గీత గీయలేదు. ఇవ్వకుండా ఎలా వాడుతుంది? ఆ కత్తిని ఆయన చిన్నకోడలి చేతిలో పెట్టి, "ఆసుపత్రి పని నీది చిన్నమ్మాయ్, నువ్వే పెద్దదానివి దానికి" అన్నారు. చిన్నకోడలు ఎగిరి గంతేసినంత పని చేసి, "అక్కా, చూశావా!" అని ఆవిడ కళ్ళ ముందు ఆ కత్తి ఆడించింది.

చూసింది. బయటి వైపు అన్న మాట గొంతు దాకా వచ్చింది. అక్కడే కూలబడింది.

ఆ తర్వాత చేసింది ఇంకా దారుణం. వంతెన లోపలి వైపు ఫిల్ము అంటించింది కూడా ఆవిడే. పనికిరాదని తెలిసి, ఒక్క బుడగ లేకుండా, చుక్కకీ చుక్కకీ మధ్య మూడు వేళ్ళ సందు చెదరకుండా, అద్దం తర్వాత అద్దం. పిట్టలు చావాలని కాదు. పిట్టలు ఆవిడ తలపులోకే రాలేదు. చిన్నదాని మొహంలో ఆ వెలుగు ఒక్కసారి ఆరిపోతే చాలనుకుంది.

ఇప్పుడు ఆరింది. కానీ ఫోన్ ఎత్తిన ఆ ఆడవాళ్ళెవరు అన్న ప్రశ్న బల్ల మీద పాములా పడి ఉంది.

"షాపులో ఫోన్ ఎత్తేది ఎవరు మరి?" అన్నారు మామగారు, కౌంటరు వైపు తిరిగి.

అత్తగారు కళ్ళజోడు తీసి పమిటతో తుడుచుకున్నారు. పెద్దకోడలి వైపు ఒక్క చూపు చూశారు. మామూలు చూపే, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగేటప్పుడు చూసేటంత. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని, "నేనే అయ్యుంటాను" అన్నారు.

"అయ్యుంటానేమిటి?"

"నేనే ఎత్తాను. మరిచిపోయాను. రోల్స్ అబ్బాయి ఏదో అన్నాడు, బయటా లోపలా అని. తర్వాత బుర్రలోంచి జారిపోయింది."

"అత్తయ్యా..." అంది చిన్నకోడలు.

మామగారు కౌంటరు దగ్గరికి నడిచారు. అరవలేదు. అరిచినా బాగుండేది. "మొన్న గ్యాసు ఆపడం మరిచావు. సరే అనుకున్నాను. ఇది ఇంట్లో విషయం కాదు. ఇవాళ్టి నుంచి నువ్వు పైనే ఉండు. కుర్చీలో చిన్నమ్మాయి కూర్చుంటుంది" అన్నారు.

పెద్దకోడలికి ఆ క్షణాన రెండు దెబ్బలు ఒకేసారి తగిలాయి. అత్తగారు కుర్చీ దిగుతున్నారన్నది ఒకటి. అందులో చిన్నది కూర్చుంటుందన్నది రెండోది. సిగ్గుపడాల్సిన విషయం ఏమిటంటే, ముందు నొప్పి పుట్టింది రెండోదే. గొయ్యి తవ్వింది తను, అందులో పడింది అత్తగారు, గట్టు మీద సింహాసనం చిన్నదానికి! నోరు తెరిచింది. 

"సబ్బునీళ్ళు కలపాలి" అని మాత్రం అని, వెనకగదిలోకి వెళ్ళిపోయింది.

అక్కడ బకెట్టులో నీళ్ళు నిండి, పొర్లి, కాళ్ళ మీదుగా పోతున్నా కుళాయి కట్టలేదు. వెనక నుంచి ఓ చెయ్యి వచ్చి కట్టేసింది. అత్తగారు. రెండో చేతిలో ఆవిడ కుర్చీ మెత్త, చంకలో మందుల డబ్బా. కౌంటరు ఖాళీ చేసుకుని వచ్చారు.

"ఆ రోజు మధ్యాహ్నం నేను పంటి డాక్టరు దగ్గరున్నాను" అన్నారు అత్తగారు, మెల్లగా. "నువ్వే ఆటో ఎక్కించావు. తిరిగొచ్చాక మెత్తగా జావ కాచి ఇచ్చావు. మతిమరుపు ఉంది గానీ, పన్ను పీకించుకున్న రోజు ఎవరికి గుర్తుండదు?"

పెద్దకోడలు గోడకి ఆనుకుంది. "మరెందుకు ఒప్పుకున్నారు?"

"నీ మొహం చూశాను. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డావు. నా మీద పడితే మతిమరుపంటారు. దాన్ని ఇల్లు క్షమిస్తుంది. నీ మీద పడితే ఏమంటారో ఆలోచించు."

"అత్తయ్యా, నేను..."

"ఆగు. నేను ఒప్పుకున్నది నువ్వు వెంటనే అడ్డు పడతావని. 'కాదు, నేనే' అంటావని. ఆయన నన్ను కుర్చీ దిగమన్నప్పుడైనా అంటావని. నువ్వొచ్చి కుళాయి తిప్పుకున్నావు." ఆవిడ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఎందుకు చేశావే? ఏం తక్కువ చేశాం నీకు?"

అప్పుడు పెద్దకోడలు నోరు తెరిచింది. తెరిచాక ఆగలేదు. "ఏం ఎక్కువ చేశారత్తయ్యా? పదేళ్ళు. నా వేళ్ళు చూడండి, సబ్బుకి తోలు ఊడి వచ్చింది. ఒక్కరోజు మామయ్య 'బాగుంది పెద్దమ్మాయ్' అన్నారా? దానికి చుక్కలు ఎక్కడ పెట్టాలో తెలియదు, రబ్బరు పట్టీ ఎటు పట్టుకోవాలో తెలియదు. అది నవ్వితే చాలు, కత్తి! అది ఏడిస్తే చాలు, కుర్చీ! నేను ఏడిస్తే ఎవరికైనా తెలుస్తుందా ఈ ఇంట్లో?"

"తెలియదు" అన్నారు అత్తగారు. "నువ్వు ఏడవగా నేనెప్పుడూ చూడలేదు. అదీ నిజమే."

అత్తగారు కాలితో బకెట్టు పక్కకి జరిపారు.

"నాకేం చెప్పకు. దానికి చెప్పు" అన్నారు అత్తగారు.

"చెప్తే క్షమించేస్తుంది."

"అయితే?"

"అదే నేను భరించలేను" అంది పెద్దకోడలు. "నన్ను క్షమించి ఇంకా పెద్దదైపోతుంది. మామయ్య దాన్ని చూసి ఎంత మనసు అనుకుంటారు. అప్పుడిక నాకు మిగిలేదేమిటి?"

అత్తగారు మందుల డబ్బా ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నారు. "నాకు మెట్లెక్కే ఓపిక లేదు. మోకాళ్ళు నొప్పి. పైన కూర్చుంటే రోజంతా ఎదురింటి గోడ చూడాలి. నీకేం మిగిలిందంటావు గానీ, నాకు ఆ గోడ మిగిల్చింది నువ్వు" అని, వంగి వంగి మెట్ల వైపు నడిచారు.

ఆవిడ మొదటి మెట్టు మీద చెయ్యి వేసి ఊపిరి పీల్చుకుంటుండగానే షట్టరు పూర్తిగా పైకి లేచిన చప్పుడైంది. ఏజెంటు వచ్చాడు. బయటి వైపు వేసే కొత్త రోలు భుజాన వేసుకుని, చెమటలు కక్కుతూ.

"పొద్దున మాట్లాడాక మనసొప్పలేదు సార్. పిట్టల ప్రాణాలు. నేనే తెచ్చేశా" అన్నాడు రోలు బల్ల మీద దింపుతూ. "వంతెనకి బయట తాళ్ళతో పలక ఉయ్యాల వేలాడదీస్తే అందులో ఇద్దరు నిలబడాలి. ఒకరు వంగి అంటిస్తుంటే ఒకరు వాళ్ళ నడుంతాడు బిగించి పట్టుకోవాలి. ఎవరెక్కుతారు?"

"మా కోడళ్ళిద్దరూ" అన్నారు మామగారు. "మా పెద్దాడికి స్టూలెక్కితేనే కళ్ళు తిరుగుతాయి. చిన్నాడు ఫిల్ము వేస్తే అద్దానికి పొక్కులొచ్చినట్టుంటుంది."

ఏజెంటు నవ్వాడు. చిన్నకోడలు నవ్వలేదు. కౌంటరు దగ్గర నిలబడే ఉంది. ఆ కుర్చీలో ఇంకా కూర్చోలేదు.

"ఒక్క సంగతి అడగనా?" అంది ఏజెంటుతో. "ఆ రోజు మా అత్తయ్యతో మాట్లాడారు కదా. ఆవిడ ఫోన్ ఎత్తితే ముందు ఎవరూ, ఎవరూ అని రెండుసార్లు అరుస్తారు. ఆ తర్వాత మీ ఇంట్లోవాళ్ళంతా కులాసానా అని అడుగుతారు. అడిగారా?"

"లేదే. ఎవరో పడుచు గొంతు. చెప్పండి, ఊఁ, ఊఁ, సరే, అంతే. పెట్టేశారు."

మామగారు తలెత్తారు.

"మళ్ళీ వింటే గుర్తుపడతారా?"

"పట్టకేం. ఫోన్లోనే బతుకుతున్నవాణ్ణి."

"నేనే బాబూ, నేనే" అన్నారు అత్తగారు మెట్ల దగ్గర్నుంచి కంగారుగా. "ఆ రోజు జలుబు చేసింది. గొంతు వేరేగా..."

"మీరు కాదమ్మా" అన్నాడు ఏజెంటు, పాపం, మర్యాదగానే.

వెనకగది గుమ్మంలో నిలబడ్డ పెద్దకోడలు, అతను వచ్చిన దగ్గర్నుంచి పెదవి విప్పలేదు. చిన్నకోడలు ఇప్పుడు ఆవిడ వైపు తిరిగింది.  ఊరికే చూసింది. ఈ ఇంట్లో ఒక్క పూట మౌనంగా ఉండటం పెద్దకోడలికి కొత్త కాదు. ఈ పూట కూడా ఉండిపోవచ్చు. తల ఊపి, రోలు ఎత్తుకుని, పనిలో పడిపోవచ్చు. అత్తగారు ఎలాగూ మోస్తానన్నారు.

మెట్ల మీద అత్తగారు కమ్మీ పట్టుకోబోయారు. మెత్త జారి కింద పడింది.

"ఆ ఫోన్ ఎత్తింది నేను" అంది పెద్దకోడలు.

ఏజెంటు చటుక్కున తిరిగి చూశాడు. అతను గుర్తుపట్టాడని చెప్పనక్కర్లేకపోయింది.

"అత్తయ్య ఆ రోజు షాపులో లేరు. బయటి వైపు వెయ్యాలని ఈయన నాకు చెప్పారు. నేను మరిచిపోలేదు. చెప్పలేదు." ఒక్కో మాటా ఫిల్ము వెనకకాగితంలా అతుక్కుపోతుంటే వొలుచుకుంటూ చెప్పింది. "తెలిసే లోపల అంటించాను. నా చేత్తోనే."

మామగారు బల్ల అంచు పట్టుకున్నారు. ఆయన మొహంలో కోపం కోసం చూసింది పెద్దకోడలు. కోపం కాదది. ఇన్నేళ్ళుగా పక్కనున్న మనిషిని ఇప్పుడే చూసినట్టున్న చూపు. ఏజెంటు గొంతు సవరించుకుని, బండి అడ్డంగా పెట్టానంటూ బయటికి వెళ్ళిపోయాడు.

చిన్నకోడలు బల్ల చుట్టూ తిరిగి వచ్చింది. దగ్గరికి వచ్చి నిలబడింది. క్షమించే మొహం కాదు. పెద్దకోడలు భయపడ్డది వేరు, ఎదురుగా ఉన్నది వేరు. చిన్నదాని పెదాలు అదురుతున్నాయి, కళ్ళు మాత్రం అదరడం లేదు.

"నర్సమ్మ ముందు నేను పడిపోవాలనుకున్నావా అక్కా?"

అబద్ధం చెప్పడానికి ఇంకా చోటుంది. మతి చలించింది, పొరపాటైంది, ఏదో ఒకటి.

"అనుకున్నాను" అంది పెద్దకోడలు.

"చిన్నమ్మాయ్, ఆగు" అన్నారు మామగారు. "రేపు పెద్దమ్మాయితో ఉయ్యాల ఎక్కొద్దు. ఆసుపత్రివాళ్ళని కాగితాలే అతికించుకోనీ. పోతే పని పోతుంది."

"కాగితాలు అతికిస్తే పిల్లలకి బయటేం కనపడుతుంది మామయ్యా? ఇలాగే వదిలేస్తే రేపు మళ్ళీ ఓ పిట్ట పడుతుంది." చిన్నకోడలు ఆయన వైపు తిరగలేదు. మేకుకి వేలాడుతున్న నడుంపట్టీలు రెండూ తీసింది. ఒకటి తన భుజాన వేసుకుని, రెండోది పెద్దకోడలి చేతుల్లో పెట్టింది. అలా పెట్టేటప్పుడు ఆవిడ వేళ్ళు తనకి తగలకుండా జాగ్రత్తపడింది.

"రేపు నా తాడు నీ చేతిలోనే ఉంటుంది" అంది. "నేను పడిపోవాలని ఎందుకనుకున్నావో ఇక్కడ చెప్పకు. పైకెక్కాక చెప్పు. అక్కడైతే ఇద్దరిలో ఎవరం పారిపోలేం."